మా చేతుల లెక్క మాకూ చెప్పండి: పునరావాస శాస్త్ర విభాగాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పునరావాస శాస్త్ర విభాగాధిపతులకు, ఏటేటా పరిశోధక విద్యార్థుల పరిశోధన దినం నిర్వహించే సంఘాల సభ్యులకు, ఆ విద్యార్థుల గైడ్లకు,

నమస్కారం.

పునరావాసంలో, అంటే జబ్బు, గాయాల వల్ల పోయిన శక్తులను తిరిగి తెచ్చే చికిత్సలో, నేను పరిశోధకురాలిని కాను, థెరపిస్టునూ కాను. ఇరవై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనం తప్పాక ఉద్యోగం మానుకున్నదాన్ని. ఈ లేఖను ఎడమచేత్తో టైపు చేస్తున్నాను. కుడిచెయ్యి ఈ మాత్రమైనా తిరిగి రావడానికి కారకులైన ఫిజియోథెరపిస్టులకు, ఆక్యుపేషనల్ థెరపిస్టులకు రుణపడి ఉన్నానన్న మాట ముందే చెప్పి, విషయానికి వస్తాను.

రెండేళ్ల కిందట ఒక పీహెచ్‌డీ విద్యార్థిని చేసిన అధ్యయనంలో నేను పాల్గొన్నాను. పక్షవాతం తర్వాత చేతికి యంత్రం సాయంతో కేంద్రంలో ఇచ్చే శిక్షణ మేలా, కాగితం మీద రాసిచ్చిన వ్యాయామాలు ఇంట్లో చేసుకోవడం మేలా అన్నది అక్కడి ప్రశ్న. మొత్తం 28 మందిమి. చీటీలు తీసినట్టు మమ్మల్ని రెండు బృందాలుగా విడదీస్తే నేను కేంద్రం బృందంలో పడ్డాను. వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు, అంటే 24 సార్లు వెళ్లాను. రానుపోను బస్సులో మూడేసి గంటలు పట్టేది కనుక ప్రయాణమే 72 గంటలు. మొదటి రోజు, చివరి రోజు చెక్కముక్కల పరీక్ష పెట్టారు. మధ్యలో అడ్డుపలక ఉన్న పెట్టెలో ఒక పక్కనున్న చిన్న చెక్కముక్కలను ఒక్కొక్కటిగా తీసి పలక దాటించి రెండో పక్క వేయాలి. ఒక్క నిమిషంలో ఎన్ని దాటించామన్నదే లెక్క. స్టాప్‌వాచ్ పట్టుకున్న అమ్మాయికి నేను ఏ బృందమో తెలియకూడదట, అందుకని ముక్తసరిగా మాట్లాడి, సంఖ్య రాసుకుని, కాగితం బోర్లించేది. మొదటి రోజు 11, చివరి రోజు 16. ఆమె చెప్పలేదు, నేనే లోలోపల లెక్కపెట్టుకున్నాను. పాత అలవాటు.

ఆ తర్వాత ఏడాదిపాటు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒకనాడు చికిత్స గది గోడ మీద, విద్యార్థులు తమ అధ్యయనాలను పోస్టర్లుగా ప్రదర్శించి బహుమతులకు పోటీపడే పరిశోధన దినం ప్రకటన కనిపించింది. కింద 'అందరికీ ఆహ్వానం' అని ఉంది. వెళ్లాను.

పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర విద్యార్థులు, అధ్యాపకులు, వైద్య సిబ్బంది, కంపెనీల ప్రతినిధులు అని నాలుగు వరుసలున్నాయి. 'మీరు ఏ విభాగం?' అని అడిగితే, పరిశోధనలో పాల్గొన్నదాన్ని అన్నాను. ఆ కుర్రవాడు కాసేపు జాబితా వెతికి, పాపం, 'సందర్శకులు' అని చేత్తో రాసిన కార్డు ఇచ్చాడు. పోస్టర్లన్నీ నిలబడి చదివేవారి కంటి ఎత్తున కట్టారు. రెండు గంటల పోస్టర్ల కార్యక్రమానికి హాలులో ఒక్క కుర్చీ లేదు. నడక, నిలకడ, అలసటల మీద పరిశోధించేవారి సభ అది! నా అధ్యయనం పోస్టర్ వెనక మూలన, నీళ్ల డబ్బా పక్కన ఉంది. రెండు బృందాలూ కొంత మెరుగుపడ్డాయని, వాటి మధ్య గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదని చివరి గడిలో చిన్న అక్షరాల్లో రాసి ఉంది. న్యాయనిర్ణేతలు ఇద్దరు వచ్చి, పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంతో చెప్పే సంఖ్య) చూసి, నాలుగు నిమిషాల్లో వెళ్లిపోయారు. ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టి, తప్పు చేసినదానిలా ముఖం పెట్టి, 'ఏమీ రాలేదండీ' అంది.

ఈ లేఖ రాయడానికి ఆ మాటే కారణం. ఏమీ రాకపోవడమేమిటి? ఇంట్లో చేసుకున్నవారికి, 72 గంటలు బస్సులో కూర్చున్న నాకు ఇంచుమించు ఒకే ఫలితం వచ్చిందంటే, అది నాలాంటివారు తెలుసుకోవలసిన సంగతులన్నిటిలోకీ పెద్దది. 28 మందిలో తేడా కనబడలేదంటే అసలు తేడాయే లేదని రుజువైనట్టు కాదని నాకూ తెలుసు, లెక్కలు చెప్పినదాన్ని. అయినా ఇంకా పెద్ద అధ్యయనం అవసరమో కాదో తేల్చుకోవడానికి ఆ 28 మంది లెక్క పనికివస్తుంది. దాన్ని నీళ్ల డబ్బా పక్కకు నెట్టితే పనికిరాదు.

ఆ వారంలోనే నిర్వాహక సంఘానికి లేఖ రాశాను. 'మీ సూచనలు పరిశీలనలో ఉన్నాయి' అని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. రెండు నెలల తర్వాత వివరంగా రాసిన రెండో లేఖకు అదీ లేదు. ఈ ఏడాది ప్రకటన మొన్ననే గోడ ఎక్కింది. అదే హాలు, అవే నాలుగు వరుసలు, బహుమతులకు అవే నియమాలు. ఇతర చోట్ల ఇలాంటి అధ్యయనాల్లో పాల్గొన్నవారితో మాట్లాడితే వారి అనుభవమూ దాదాపు ఇదే. అందుకే ఏ ఒక్క విభాగం పేరూ ఎత్తకుండా అందరికీ కలిపి బహిరంగంగా రాస్తున్నాను. విద్యార్థుల మీద నాకు ఫిర్యాదు లేదు. ఏ ఫలితానికి మెప్పు వస్తుందో, దేనికి రాదో వారికి నేర్పుతున్నది మీరు పెట్టిన నియమాలే.

ఈ తీరు వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నదేమిటో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. ఫలితం మాకు చేరడం లేదు. నేను సంతకం పెట్టిన సమ్మతి పత్రం ఆరు పేజీలు. ఫలితాలను శాస్త్రీయ సభల్లో, పత్రికల్లో వెల్లడిస్తామని అందులో ఉంది. మాకు చెబుతామన్న వాక్యం లేదు. ప్రపంచ వైద్య సంఘం 1964లో ఆమోదించిన హెల్సింకి ప్రకటన 2013 నాటి సవరణలో, పాల్గొన్నవారందరికీ అధ్యయనం మొత్తం ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని స్పష్టంగా ఉంది. ఆ ప్రకటనను అనుసరించామన్న వాక్యం ఆనాడు నేను చూసిన చాలా పోస్టర్ల అడుగున కనిపించింది. చెప్పకపోవడం వల్ల జరిగేది ఏమిటంటే, నాతోపాటు కేంద్రానికి వచ్చిన ఒకావిడ, యంత్రం లేకపోతే చెయ్యి రాదన్న నమ్మకంతో, అధ్యయనం ముగిశాక ఇంట్లో వ్యాయామం పూర్తిగా మానేసింది. ఫలితం ఒక్క పేజీలో రాసిచ్చి ఉంటే ఆమె మానేది కాదని నా నమ్మకం.

2. తేడా రాని ఫలితాలను ఒక మూలకు నెట్టితే తర్వాతివారు మళ్లీ అదే గోతిలో పడతారు. పునరావాస శాస్త్రంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. మీకు తెలియనిది కాదు. పక్షవాతం వచ్చిన 24 గంటల లోపే రోగిని మంచం దించి, ఎక్కువసార్లు నిలబెట్టి నడిపిస్తే మేలని చాలామంది నమ్మేవారు. 5 దేశాల్లో 56 ఆస్పత్రుల్లో 2,104 మందితో చేసిన అవర్ట్ అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. మూడు నెలల తర్వాత బాగా కోలుకున్నవారు మామూలు చికిత్సలో 50 శాతం ఉంటే, తొందరగా, ఎక్కువ మోతాదులో లేపినవారిలో 46 శాతమే ఉన్నారు. నమ్మకానికి ఎదురుగా వచ్చిన ఆ ఫలితాన్ని ఆ పరిశోధకులు దాచలేదు, చిన్న అక్షరాల్లో రాయలేదు. దానివల్ల మొదటి రోజే అతిగా లేపడంలో ప్రమాదం ఉండవచ్చని చికిత్స చేసేవారికి తెలిసింది. అదే అధ్యయనం మీ పరిశోధన దినానికి పోస్టర్‌గా వస్తే బహుమతి వస్తుందా? నాకు అనుమానమే.

3. చికిత్స ఏమిటో పోస్టర్ మీద ఉండదు. ఇంటి బృందానికి ఇచ్చిన వ్యాయామాల కాగితం చూపించమని ఆ అమ్మాయిని అడిగాను, ఇక నుంచి నేనూ అవే చేసుకుందామని. పోస్టర్ మీద 'ఇంటి వ్యాయామాలు, రోజుకు 30 నిమిషాలు' అని మాత్రమే ఉంది. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, చెయ్యి అలసిపోతే ఏం చేయాలి, కష్టం ఎప్పుడు పెంచాలి, చెప్పినంతా నిజంగా ఎందరు చేశారు అన్నవేవీ లేవు. మాత్ర పేరు, మోతాదు చెప్పకుండా 'మందు ఇచ్చాం' అని రాస్తే ఏ వైద్యుడూ ఒప్పుకోడు. మా దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'మామూలు చికిత్స' అన్న రెండు మాటలు సరిపోతున్నాయి. చికిత్సను ఎలా వర్ణించాలో చెప్పే టైడియర్ అనే 12 అంశాల జాబితా 2014 నుంచీ అందుబాటులో ఉంది. దాన్ని పాటించకపోతే పరిశోధన దినానికి వచ్చిన థెరపిస్టు మర్నాడు తన రోగికి ఏం చేయించగలరు? వైద్య పరిశోధకులు ఇయాన్ చామర్స్, పాల్ గ్లాజియూ 2009లోనే హెచ్చరించారు: తప్పు ప్రశ్నలు, లోపాలున్న పద్ధతి, ప్రచురించకపోవడం, వాడుకోవడానికి వీల్లేని నివేదికలు, ఈ నాలుగింటి వల్ల వైద్య పరిశోధన మీద పెట్టిన దానిలో సుమారు 85 శాతం వృథా అవుతోందని వారి అంచనా. ఆ నాలుగో కారణం మీ హాలులో గోడ పొడుగునా వేలాడుతోంది.

4. మధ్యలో మానేసినవారు 'వ్యక్తిగత కారణాలు' అన్న మాట కింద మాయమవుతున్నారు. మా అధ్యయనంలో ఇద్దరు అలా వైదొలిగారని పోస్టర్ మీద ఉంది. వారిలో ఒకాయన నాకు తెలుసు. శిక్షణ గది మూడో అంతస్తులో ఉండేది. లిఫ్టు చెడిపోయి తొమ్మిది రోజులు బాగు కాలేదు. రెండుసార్లు వచ్చి మెట్ల దగ్గరినుంచే వీల్‌చైర్‌లో వెనక్కి వెళ్లాక ఆయన భార్య ఫోను చేసి, ఇక రాలేమని చెప్పింది. ఇది ఎవరి వ్యక్తిగత కారణం? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన, ఆరోగ్యాన్ని, అశక్తతను వర్ణించే ఐసీఎఫ్ వర్గీకరణ ప్రకారం మనిషి చుట్టూ ఉన్న పరిస్థితులు కూడా అశక్తతలో భాగమే. ఆ వర్గీకరణ పెట్టెలు, బాణాల బొమ్మ దాదాపు రెండు పోస్టర్లకొకటి చొప్పున మొదటి గడిలో కనిపించింది. బొమ్మ వేసి, లిఫ్టు సంగతి రాయకపోవడం నాకు వింతగా తోచింది. యంత్రం శిక్షణ కేంద్రానికి రావలసి రావడమే దాని పెద్ద లోపమై ఉండవచ్చు. ఆ సంగతి చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని లెక్కలోంచి తీసేశారు.

5. కొలిచేది ఒకటి, మాకు కావలసింది ఒకటి. 11 నుంచి 16 చెక్కముక్కలకు వచ్చినందుకు సంతోషమే. కానీ ఇంటికెళ్లి చొక్కా గుండీ పెట్టుకోగలిగానా, కుళాయి తిప్పగలిగానా అని నన్ను ఎవరూ అడగలేదు. జవాబు కావాలంటే చెబుతాను: కుళాయి తిప్పగలను, గుండీ ఇప్పటికీ పెట్టుకోలేను. పక్షవాతం తర్వాతి జీవితం గురించి ఏ పరిశోధనలు ముందు కావాలో రోగులు, వారి ఇంటివారు, చికిత్స చేసేవారు కలిసి కూర్చుని తయారుచేసిన పది అంశాల జాబితా 2012లో వెలువడింది. అందులో మొదటిది చెయ్యీ కాదు, నడకా కాదు. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచన లాంటి మేధాశక్తులను మెరుగుపరిచే మార్గాలు. ఆనాటి హాలులో పక్షవాతం మీద నేను లెక్కపెట్టిన 19 పోస్టర్లలో వాటి మీద ఒక్కటే ఉంది.

6. మాట పోయినవారు అసలు లెక్కలోకే రావడం లేదు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి అఫేసియా వస్తుంది. ఆలోచన ఉంటుంది, మాట కలిసిరాదు. 'సూచనలు అర్థం చేసుకోలేనివారిని మినహాయించాం' అన్న ఒక్క వాక్యంతో వారిని చేతుల అధ్యయనాల నుంచి కూడా బయట పెడుతున్నారు. బొమ్మలతో, చిన్న వాక్యాలతో సమ్మతి పత్రం తయారుచేయడం స్పీచ్ థెరపీ విద్యార్థులకు తెలిసిన పనే. వారు అదే హాలులో, పక్క వరుసలో నిలబడి ఉన్నారు.

బహుమతుల వేళ ఇంకొకటి చూశాను, చెప్పకుండా ఉండలేను. రెండో బహుమతి వచ్చిన పరిశోధకురాలు వీల్‌చైర్ వాడుతుంది. వేదికకు నాలుగు మెట్లు, ర్యాంపు లేదు. ముఖ్య అతిథి మెట్ల అంచుకు వచ్చి, వంగి, జ్ఞాపిక కిందికి అందించారు. ఫొటోగ్రాఫర్ ఇంకా వంగమన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 2006లో వచ్చింది. దానిలో 9వ అధికరణం అందుబాటు గురించి, 26వది పునరావాసం గురించి. 26వదాని మీద ఉపన్యాసం ఇచ్చిన సభలో 9వదానికి చోటు దొరకలేదు.

2019 నాటి లెక్కల ప్రకారం ప్రపంచంలో సుమారు 241 కోట్ల మందికి, అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి, పునరావాస చికిత్సతో మేలు జరిగే ఆరోగ్య సమస్య ఉంది. థెరపిస్టులు అంతమంది లేరు, త్వరలో వచ్చే సూచనా లేదు. ఏ చికిత్స ఇంట్లో సరిపోతుంది, దేనికి కేంద్రానికి రాక తప్పదు, ఏది మానేసినా ఫరవాలేదు అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు మీ విద్యార్థుల చిన్న చిన్న అధ్యయనాల్లోనే మొలకెత్తుతాయి. ఆ మొలకలను ఒక్క రోజు హాలులో చూపించి, సాయంత్రం పోస్టర్లు చుట్టేసి గొట్టాల్లో పెట్టడంతో పని అయిపోయిందనుకుంటే, వాటికోసం చేతులు, గంటలు ఇచ్చినవారికి మిగిలేది బస్సు టిక్కెట్లే.

అందువల్ల మా డిమాండ్లు ఇవి.

ఒకటి. పోస్టర్ సమర్పించే ప్రతి విద్యార్థీ ఫలితాలను మామూలు భాషలో ఒక పేజీగా రాసి, కోరుకున్న ప్రతి పాల్గొన్నవారికీ పరిశోధన దినం కంటే ముందే పంపాలి. పంపినట్టు గైడు సంతకం లేనిదే పోస్టర్‌ను అంగీకరించకూడదు. సమ్మతి పత్రంలోనే 'ఫలితాలు నాకు పంపండి' అన్న గడి పెట్టాలి.

రెండు. బహుమతికి పి విలువను కొలబద్దగా వాడడం మానాలి. ప్రశ్న ఎంత అవసరమైనది, పద్ధతి ఎంత నిజాయితీ గలది, చికిత్సను మరొకరు అలాగే చేయగలిగేంత వివరంగా చెప్పారా అన్నవాటికే మార్కులు ఇవ్వాలి. టైడియర్ జాబితా నింపి, వ్యాయామాల కాగితం, మానేసినవారి అసలు కారణాలు పోస్టర్‌కు జతచేయాలి. న్యాయనిర్ణేతల్లో కనీసం ఒకరు చికిత్స పొందినవారై ఉండాలి. వారికి ముందుగా శిక్షణ, మిగతావారితో సమానంగా గౌరవ వేతనం ఇవ్వాలి. ఉత్సవ విగ్రహంలా కూర్చోబెట్టడానికైతే మాకు అక్కర్లేదు.

మూడు. వేదికకు ర్యాంపు, కూర్చుని చదవగలిగే ఎత్తున పోస్టర్లు, ప్రతి వరుసలో కుర్చీలు, చెవి వినబడనివారికి తెర మీద అక్షరాలు, అలసిపోయినవారికి ఒక నిశ్శబ్దమైన గది ఉండాలి. ఈ హాలులో కుదరకపోతే హాలు మార్చాలి.

నాలుగు. పేర్లు నమోదు చేసే బల్ల దగ్గర ఐదో వరుస: 'పరిశోధనలో పాల్గొన్నవారు'. వారి రాకపోకల ఖర్చు విభాగమే భరించాలి.

ఐదు. అఫేసియా ఉన్నవారిని మినహాయించిన ప్రతి అధ్యయనమూ అందుకు కారణాన్ని, చేర్చుకోవడానికి చేసిన ప్రయత్నాన్ని రాయాలి. ఏ ప్రయత్నమూ చేయకపోతే చేయలేదనే రాయాలి.

విద్యార్థులకు ఇప్పటికే తలకు మించిన పని ఉందని, ఇది ఇంకో భారమని మీరు అంటారని తెలుసు. నిజమే, గడువులు దగ్గరపడినప్పుడు ఆ అమ్మాయి కళ్ల కింద నలుపు నేను చూశాను. అందుకే ఈ పనిని వారి మంచితనానికి వదిలేయకుండా థీసిస్ గడువులో దీనికి వేరుగా వారం కేటాయించమంటున్నాను. ర్యాంపు, కుర్చీలు, హాలు విద్యార్థుల పని కానే కాదు, మీది.

ఈ లేఖకు నెల రోజుల్లోగా, ఒక్కొక్క డిమాండుకు విడివిడిగా, రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాను. 'పరిశీలనలో ఉంది' అనేట్లయితే ఎవరి పరిశీలనలో, ఏ తేదీ వరకు అన్నది కూడా రాయండి. జవాబు వచ్చినా రాకపోయినా ఈ ఏడాది పరిశోధన దినానికి నేను వస్తాను, మెట్ల దగ్గర ఆగిపోయిన ఆయన్నూ వెంట తీసుకువస్తాను. మొదటి డిమాండుకు మాత్రం నెల ఆగనక్కర్లేదు. ఆ 28 మంది చిరునామాలు మీ దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
కేంద్రం బృందం, పాల్గొన్నవారిలో 17వ నంబరు